గర్భసంచిలో గడ్డ: కోత గురించి ఆలోచించే ముందు

ప్రశ్న: మేడం, నాకు 41 ఏళ్లు. మాది అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర పల్లె. చేనిపని, ఇంటిపని రెండూ నావే. ఇద్దరు పిల్లలు. మొదటిది మామూలు కాన్పు, రెండోవాడు సిజేరియన్‌తో పుట్టాడు. అప్పుడే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేశారు. రెండేళ్లుగా నెలసరి వస్తే ఎనిమిది తొమ్మిది రోజులు ఆగడం లేదు. గడ్డలు గడ్డలుగా పోతోంది. మెట్లెక్కితే ఆయాసం. స్కానింగ్‌లో గర్భసంచిలో 7 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. మిగతాదంతా ఇంగ్లీషులో ఉంది, అర్థం కాలేదు. రక్తం 7.6 ఉంది. అనంతపురంలో చూపిస్తే గర్భసంచి తీసేయాలి, లాప్రోస్కోపీలో, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేస్తాం అన్నారు. కర్నూలులో ఇంకో డాక్టరమ్మ గడ్డ ఒక్కటే తీయొచ్చు అన్నారు. మా అత్త మాత్రం ‘పిడికిలంత గడ్డ వేలు పట్టని రంధ్రంలోంచి ఎట్లా వస్తాది, సగం లోపలే మిగిలిపోతాది. కత్తి తగిలితే క్యాన్సర్ అయితాది. చేయించుకుంటే పొట్ట కోయించుకునే చేయించుకో’ అంటోంది. మా ఆయన ఖర్చు గురించి ఆలోచిస్తున్నాడు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది 7.6 దగ్గర. గడ్డ సంగతి, రంధ్రం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 8 కంటే తగ్గితే దాన్ని తీవ్రమైన రక్తహీనత అంటారు. ఆ రక్తంతో మీరు చేనికి పోతున్నారు, బిందెలు మోస్తున్నారు, వంట చేస్తున్నారు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది అందుకే. ఉన్న కాస్త రక్తాన్నే ఒళ్లంతా తిప్పడానికి గుండె రెట్టింపు కష్టపడుతోంది.

మీకు వచ్చింది ఇవాళ కాకపోతే రేపు చేసి తీరాల్సిన ఆపరేషన్ కాదు. 7.6తో టేబుల్ ఎక్కితే ఆపరేషన్లో పోయే కొద్దిపాటి రక్తం కూడా మీకు ఎక్కువే అవుతుంది, సీసాల మీద సీసాలు ఎక్కించాల్సి వస్తుంది. ఒక నెల, నెలన్నర తీసుకొని ముందు రక్తం పట్టేలా చూసుకోండి. కనీసం 10 దాటాక ఆపరేషన్ అంటే ఎవరికైనా ధైర్యం. ఈ నెలన్నర మీరు వాయిదా వేస్తున్నట్టు కాదు, చికిత్స అప్పుడే మొదలైనట్టు. ఇంట్లోవాళ్లకు కూడా అలాగే చెప్పండి.

రాగిసంగటి, ఆకుకూరలు, బెల్లం, ఖర్జూరం తినండి. కానీ 7.6ను అవే పైకి తెస్తాయని ఎదురుచూడకండి. నెలనెలా పోయేది ఎక్కువ, తిండి నుంచి వచ్చేది తక్కువ. ఐరన్ మాత్ర వాడుతుంటే పరగడుపున నిమ్మరసం నీళ్లతో వేసుకోండి. టీతో మాత్రం వద్దు, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మాత్ర వాడినన్నాళ్లూ విరేచనం నల్లగా వస్తుంది, దానికి బెదరొద్దు. మాత్రతో కడుపులో మంట పుట్టి మధ్యలో మానేసేవాళ్లు చాలామంది. అలాంటప్పుడు సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించే ఐరన్ ఉంది, ఒకటి రెండు విడతల్లో అయిపోతుంది. మీలాంటి స్థితిలో నేనైతే దాన్నే ముందు ఆలోచిస్తాను. ఎక్కించాక మూడు నాలుగు వారాల్లో తేడా కనిపిస్తుంది. రక్తం ఎక్కువగా పోయే రోజుల్లో పోత తగ్గించడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మాత్ర ఇస్తారు. కాలి నరాల్లో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిన వాళ్లు అది వాడకూడదు. అందుకని మందుల షాపులో అడిగి తెచ్చుకోకుండా డాక్టరుతోనే రాయించుకోండి.

ఇక గడ్డ సంగతి. మన మాటలోనే ఒక చిక్కుంది. నెలసరిలో పోయేదాన్నీ గడ్డలంటాం, గర్భసంచిలో పెరిగినదాన్నీ గడ్డంటాం. లోపలి గడ్డే ముక్కలై పడిపోతోందని అనుకునేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. ఆ రెండింటికీ పోలికే లేదు. బయటికి పోయేది పేరుకున్న రక్తం. లోపల ఉన్నది గర్భసంచి కండరం నుంచే పెరిగిన ముద్ద, ఫైబ్రాయిడ్ అంటారు. కోసి చూస్తే తెల్లగా, గట్టిగా, పాత తాడును ఉండగా చుట్టినట్టు ఉంటుంది. దాని చుట్టూ పల్చని పొర ఉంటుంది. ఆ పొరలో సరిగ్గా దారి దొరికితే చెనిక్కాయ పొట్టులోంచి గింజ ఊడినట్టు ఊడి వస్తుంది. గడ్డ ఒక్కటే తీయొచ్చని కర్నూలు డాక్టరమ్మ చెప్పగలిగింది అందుకే.

మీ అత్తమ్మ అడిగిన మొదటి ప్రశ్న మంచి ప్రశ్న. ఆమెను విసుక్కోకండి. పిడికిలంత గడ్డ వేలు పట్టని రంధ్రంలోంచి నిజంగానే అలాగే రాదు. ముందు బొడ్డు దగ్గర ఒక చిన్న గాటు పెట్టి పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపుతారు. పొట్ట గోడ గుడారంలా పైకి లేస్తుంది, లోపల పని చేయడానికి చోటు దొరుకుతుంది. బొడ్డులోంచి కెమెరా పోతుంది. పక్కల ఇంకో రెండు మూడు గాట్లు, ఒక్కోటి అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు పైచిలుకు, వాటిలోంచి పనిముట్లు పోతాయి. తెర మీద అన్నీ పెద్దవిగా కనిపిస్తాయి. సన్నని రక్తనాళం కూడా చిటికెనవేలంత లావుగా కనబడుతుంది కాబట్టి దాన్ని ముందే మూసేయొచ్చు. గడ్డను ఊడదీశాక గర్భసంచి గోడకు లోపలి నుంచే పొరలు పొరలుగా కుట్లు వేస్తారు. ఆ కుట్లలోనే సర్జన్ చెయ్యి తెలుస్తుంది.

ఆ తర్వాత ఊడదీసిన గడ్డను పొట్టలోనే ఒక పల్చని సంచిలో వేస్తారు. సంచి మూతిని బొడ్డు గాటులోంచి బయటికి లాగి, చీనీకాయ తొక్కను తెగకుండా ఒకే చుట్టగా ఒలిచినట్టు, గడ్డను పట్టీలు పట్టీలుగా ఒలిచి తీస్తారు. ముక్క కింద పడినా సంచిలోనే పడుతుంది. అంతా అయ్యాక ఖాళీ సంచి బయటికి వస్తుంది. గర్భసంచి మొత్తం తీసేట్టయితే ఈ ఇబ్బంది చాలా వరకు ఉండదు, బిడ్డ పుట్టే దారిలోంచే బయటికి తీస్తారు. మీ అత్తమ్మకు ఈ మాట చెప్పి చూడండి.

గడ్డను వేసే ఆ పల్చని సంచి ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి, ఆమె రెండో భయం దానికి సంబంధించిందే. ఒకప్పుడు గడ్డను సంచి లేకుండా పొట్టలోనే మరతో ముక్కలు చేసి బయటికి తీసేవారు. ఫైబ్రాయిడ్ అనుకున్నదాంట్లో ఎక్కడో ఒకరికి సార్కోమా అనే క్యాన్సర్ దాగి ఉంటే ఆ ముక్కలు పొట్టంతా చల్లినట్టయ్యేది. 2014లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేసే సుమారు 350 మందిలో ఒకరికి అలాంటిది ఉండొచ్చని అప్పుడు లెక్క వేసింది. ఆ తర్వాత వేరేవాళ్లు వేసిన లెక్కల్లో అంతకన్నా తక్కువే తేలింది. అయినా జాగ్రత్త జాగ్రత్తే. మామూలు ఫైబ్రాయిడ్ కత్తి తగిలినంత మాత్రాన క్యాన్సర్‌గా మారదు. కానీ ‘గడ్డను సంచిలో పెట్టి తీస్తారా?’ అని మీ డాక్టరును అడగండి. అవునని చెప్పకపోతే అక్కడ లాప్రోస్కోపీలో గడ్డ తీయించుకోవద్దు.

ఇదేదో నిన్నమొన్న వచ్చిన ప్రయోగమని ఇంట్లో ఎవరైనా అంటే, లాప్రోస్కోపీలో గర్భసంచి తీయడం 1988లోనే అమెరికాలో హ్యారీ రీచ్ అనే డాక్టరు చేశారని చెప్పండి. మన దేశంలో 1990లో ముంబై జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ తెహెంతన్ ఉద్వాడియా ఇదే పద్ధతిలో పిత్తాశయం తీశారు. అంటే మీ పిల్లల కన్నా పాతది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది రాయడానికి నాకు బాధగా ఉంటుంది. మన రాయలసీమలో ‘పిల్లలు అయిపోయారు కదా, ఇంక సంచి ఎందుకు’ అన్నమాట ఎంత తేలిగ్గా అంటారో! భర్త అంటాడు, అత్త అంటుంది, కొన్నిసార్లు డాక్టరు కూడా అంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. మన ఆడవాళ్ల గర్భసంచులు దేశంలో మిగతావాళ్ల కన్నా మూడు రెట్లు పాడైపోయి ఉంటాయా? అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించాల్సి వచ్చింది.

మీకు అవసరం లేదని నేను అనడం లేదు. రెండేళ్లుగా రక్తం పోతోంది, గడ్డ పెద్దదే, మీకు ఇక పిల్లలు వద్దు. మీ విషయంలో గర్భసంచి తీయడం తప్పు నిర్ణయం కాకపోవచ్చు. అది తీసేస్తే నెలసరి రక్తమూ ఉండదు, గడ్డ మళ్లీ వచ్చే ప్రశ్నా లేదు. గడ్డ ఒక్కటే తీస్తే కొందరికి కొన్నేళ్లకు వేరే గడ్డలు పెరగొచ్చు. అయితే మీకు 41. ఇంకో ఏడెనిమిదేళ్లకో పదేళ్లకో నెలసరి ఆగిపోతుంది, అప్పుడు ఫైబ్రాయిడ్లు మామూలుగా కుంచించుకుపోతాయి. ఆ లోపు రక్తాన్ని అదుపులో పెట్టే దారి దొరికితే అదీ ఒక దారే. ఏది మంచిదో గడ్డ సైజు ఒక్కటే చెప్పదు. గడ్డ ఎక్కడుందో తెలియాలి.

అందుకే ఆ రిపోర్టు మళ్లీ తీయండి. చదువుకునే పిల్లలున్నారు కదా, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. అందులో సబ్‌మ్యూకస్, ఇంట్రామ్యూరల్, సబ్‌సీరస్ అనే మూడు మాటల్లో ఏది ఉందో వెతకమనండి. సబ్‌మ్యూకస్ అంటే గడ్డ గర్భసంచి లోపలి పొర వైపు తోసుకొచ్చిందని. ఇది చిన్నదైనా రక్తం బాగా పోయేలా చేస్తుంది. 4, 5 సెంటీమీటర్ల లోపుదైతే పొట్ట మీద ఒక్క గాటు కూడా లేకుండా కింది నుంచే కెమెరాతో చెక్కి తీసేయొచ్చు. మీది 7 కాబట్టి అది కష్టం. ఇంట్రామ్యూరల్ అంటే గోడలో ఇరుక్కుని ఉందని. సబ్‌సీరస్ అంటే గర్భసంచి బయటి వైపు ఉబ్బి ఉందని. ఇదైతే రక్తం ఎక్కువగా పోవడానికి ఆ గడ్డ కారణం కాకపోవచ్చు, గడ్డ తీసినా పోత తగ్గకపోవచ్చు. అప్పుడు కారణం వేరే చోట వెతకాలి. థైరాయిడ్ పరీక్ష చేయించారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. మీ వయసులో ఇన్నాళ్లుగా ఇంత రక్తం పోతుంటే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, గర్భాశయ ముఖద్వారం దగ్గర క్యాన్సర్ జాడలేమైనా ఉన్నాయేమో చూసే పాప్ పరీక్ష చేయాలి. ఐదు పది నిమిషాల పని. ఇవి చేయకుండా ఆపరేషన్ తేదీ రాసిచ్చే చోట తొందరపడకండి.

గర్భసంచి తీయించుకోవాలనే తేలితే ఒక మాట గట్టిగా అడగండి: ‘అండాశయాలు ఉంచుతారా?’ గర్భసంచి, అండాశయాలు వేరు వేరు. అవి బాగుంటే మీ వయసులో తీసేయకూడదు. తీసేస్తే ఒక్కసారిగా ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు పడతాయి. ఎముకలు తొందరగా పల్చబడతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. 45 ఏళ్లకే నడుము వంగిపోయి, పట్టుకుంటేగానీ లేవలేక వచ్చే ఆడవాళ్లను చూస్తుంటాను. పాత డిశ్చార్జి చీటీ అడిగితే ఉండదు. ‘అన్నీ తీసేశామన్నారు మేడం’ అంటారు. ఆ ‘అన్నీ’లో ఏమేం ఉన్నాయో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అయితే ఫెలోపియన్ ట్యూబులు, అంటే అండాశయాల నుంచి గర్భసంచికి వచ్చే గొట్టాలు తీయడం గురించి బెంగ వద్దు. మీకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది కాబట్టి వాటితో ఎలాగూ పని లేదు. గర్భసంచితో పాటు వాటిని తీయడం ముందుముందు అండాశయ క్యాన్సర్ ముప్పును తగ్గిస్తుంది కూడా.

లాప్రోస్కోపీయా, పొట్ట కోయడమా అని మీ ఇంట్లో రెండే దారుల గురించి మాట్లాడుకుంటున్నారు. మూడోది ఉంది. పొట్ట మీద గాటే లేకుండా, కింది దారి నుంచే గర్భసంచి తీసే పద్ధతి. గర్భసంచి జారిపోయిన వాళ్లకే అనుకుంటారు గానీ జారని వాళ్లకూ చేస్తారు. ఇది లాప్రోస్కోపీ కన్నా పాతది, ఖర్చు తక్కువ, కోలుకోవడం తొందర. వీలైన చోట ముందు దీన్నే ఎంచుకోవాలని పెద్ద పెద్ద వైద్య సంఘాలు కూడా చెబుతాయి. బోర్డుల మీద దీని పేరు పెద్దగా కనపడదు. మీకు ఒక కాన్పు మామూలుగా అయింది కాబట్టి దారి కొంత అనుకూలమే. గడ్డ పెద్దది, పాత సిజేరియన్ ఉంది కాబట్టి చెయ్యి పెట్టి చూసిన డాక్టరే కుదురుతుందో లేదో చెప్పాలి. ‘కింది నుంచి కుదరదా?’ అని మీరు అడిగితే చాలు.

ఆ సిజేరియన్ సంగతి ప్రతి డాక్టరుకూ తప్పకుండా చెప్పండి. పాత కుట్టు దగ్గర మూత్రాశయం గర్భసంచికి అతుక్కుని ఉండొచ్చు, దాన్ని విడదీయడం ఓపికతో చేయాల్సిన పని. లాప్రోస్కోపీ మొదలుపెట్టాక అతుకులు ఎక్కువగా ఉన్నా, రక్తం ఆగకపోయినా పొట్ట తెరవాల్సి వస్తుంది. మీతో సంతకం పెట్టించే కాగితంలో ఆ మాట ఉంటుంది. అలా తెరిస్తే ఆపరేషన్ చెడిపోయిందని అనుకోకండి. తెరవాల్సిన సమయంలో తెరిచే డాక్టరు దగ్గరే మీరు క్షేమంగా ఉంటారు.

ఖర్చు గురించి మీ ఆయన ఆలోచించడం తప్పు కాదు. కానీ ఆసుపత్రి బిల్లు ఒక్కటే చూస్తే లెక్క సగమే అయినట్టు. పొట్ట కోస్తే నాలుగైదు రోజులు ఆసుపత్రి, తేలిక పనులకు కూడా నెలన్నర. లాప్రోస్కోపీ అయితే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి, రెండు మూడు వారాల్లో తేలిక పనులకు. ఆ రోజుల కూలి, తోడు ఉండేవాళ్ల కూలి, బస్సు చార్జీలు కూడా కలపండి. కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ (ఊళ్లో ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటారు) కింద మీ ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో వస్తుందో అక్కడ ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను అడిగి, అనుమతి వచ్చాకే చేరండి. అనంతపురం పెద్దాసుపత్రికీ, కర్నూలు పెద్దాసుపత్రికీ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. కర్నూలు కాలేజీ 1956 నుంచి నడుస్తోంది. స్త్రీల విభాగం ఓపీలో ఒక పూట కూర్చుని ఇంకో అభిప్రాయం తీసుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఒక్క విషయంలో లాప్రోస్కోపీ మనల్ని మోసం చేస్తుంది. పైన మూడు నాలుగు చిన్న కుట్లు కనిపిస్తాయి, వారానికి మానిపోతాయి, నొప్పి ఉండదు. ‘ఇంకేంలే’ అని బిందె ఎత్తుతారు. గర్భసంచి తీసిన చోట లోపల వేసిన కుట్టు మాత్రం పొట్ట కోసినా, కోయకపోయినా ఒకేలా నిదానంగా మానుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువులు ఎత్తకూడదు, భార్యాభర్తల కలయిక ఉండకూడదు. ఈ మాట మీ ఆయన, అత్తమ్మ ఇద్దరూ ఉన్నప్పుడు డాక్టరు నోటితోనే చెప్పించండి. మీరు చెబితే సాకు అనుకుంటారేమో, డాక్టరు చెబితే వింటారు. నడక మాత్రం మరుసటి రోజు నుంచే మొదలుపెట్టాలి.

ఆపరేషన్ అయ్యాక ఒకటి రెండు రోజులు భుజం నొప్పి వస్తే గుండె నొప్పి అనుకుని కంగారుపడకండి. పొట్టలో నింపిన గ్యాస్ కొంచెం మిగిలి, ఊపిరితిత్తుల కింది పొరను రాపిడి చేస్తే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. నడిస్తే తగ్గుతుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పొట్ట మీద చిన్న దిండు అదిమి పట్టుకోండి, కుదుపులకు హాయిగా ఉంటుంది.

కానీ ఇది బాగా గుర్తుపెట్టుకోండి. లాప్రోస్కోపీ తర్వాత నొప్పి రోజురోజుకీ తగ్గాలి. మొదటి రోజు కన్నా మూడో రోజు ఎక్కువైతే, పొట్ట ఉబ్బితే, వాంతులు, జ్వరం వస్తే, మూత్రం కారినట్టు అనిపిస్తే, ఒక కాలు వాచి నొప్పి పెడితే, రాత్రయినా సరే ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి. అరుదుగా పేగుకు గానీ మూత్రనాళానికి గానీ దెబ్బ తగిలి ఉంటే ఇలాగే మొదలవుతుంది. తొందరగా పట్టుకుంటే సరిచేయొచ్చు. గ్యాస్ మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

తీసిన గడ్డ పరీక్షకు పోతుంది. వారం పది రోజుల్లో బయాప్సీ రిపోర్టు వస్తుంది. మా దగ్గర ఎంతమంది దాన్ని తీసుకోకుండా వదిలేస్తారో చెప్పలేను. కుట్లు మానాయి, ఇంటికి పోయాం, అయిపోయింది అనుకుంటారు. క్యాన్సర్ కాదని ఖాయంగా చెప్పేది ఆ కాగితమే. మీ అత్తమ్మ భయానికి కూడా జవాబు అదే. దాన్నీ, డిశ్చార్జి చీటీనీ రేషన్ కార్డు దాచుకునే చోటే దాచుకోండి.

ఈ వారం మీరు చేయాల్సింది రక్తం పని ఒక్కటే. దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి 7.6 రిపోర్టు చూపించి, ఐరన్ ఎక్కించడం గురించి అడగండి. ఆ లోపు ఒక గంటకు ఒకటి కన్నా ఎక్కువ ప్యాడ్లు మార్చాల్సి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి. పిల్లలు ఆ మూడు మాటల్లో ఏది దొరికిందో చూసి చెప్పాక, ఆ ఒక్క మాట, థైరాయిడ్ రిపోర్టులో అంకె, ఈ రెండూ నాకు రాసి పంపండి. అనంతపురం డాక్టరు చెప్పింది సరైందా, కర్నూలు డాక్టరమ్మ చెప్పింది సరైందా అన్నది అప్పుడు ఇంకొంచెం దగ్గరగా చెప్పగలను.